పూర్వ పరిశోధనల సమీక్ష ఎలా చేయాలి: ఒకే అంశం, నాలుగు రంగాలు

పరిశోధనలో చేరిన వారికి గైడ్ అప్పగించే మొదటి పని దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈ అంశం మీద ఇప్పటిదాకా ఏం వచ్చిందో చూసి రమ్మనడం. ఏం చూడాలో, ఎంత చూశాక ఆపాలో, చూసినదాన్ని ఎలా రాయాలో మాత్రం కూర్చోబెట్టి చెప్పేవారు తక్కువ. అందుకే చాలా సిద్ధాంత గ్రంథాల్లో రెండో అధ్యాయం జాబితాగా మిగిలిపోతుంది. ఫలానా వారు ఫలానా సంవత్సరంలో ఇలా అన్నారు, మరొకరు మరో సంవత్సరంలో అలా అన్నారు అంటూ పేజీలకు పేజీలు సాగుతాయి. మూడో అధ్యాయంలో పరిశోధకులు తమ సొంత పని మొదలుపెట్టేసరికి ఆ జాబితాతో ఎవరికీ అవసరం ఉండదు. సమీక్ష చేయవలసిన పని అది కాదు. ఒక ప్రశ్న మీద ఇప్పటికే ఉన్న వాదనలు ఏ ఆధారాల మీద నిలబడ్డాయో, ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగడం లేదో చూపించి, ఆ పొసగని చోటు నుంచే మీ ప్రశ్న పుట్టిందని చదివేవారిని ఒప్పించాలి.

ఆ పనిని ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా వరసగా చెబుతాను. ఉదాహరణకు "ఇంటి నుంచి పని" అనే ఒక్క అంశాన్నే తీసుకుంటున్నాను. చరిత్రకారులు, సామాజిక శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు, మేనేజ్‌మెంట్ పరిశోధకులు నలుగురూ దాన్ని ఎవరి పద్ధతిలో వారు పరిశీలించారు. ఒక రంగంలో రాసినదాన్ని మరో రంగం వారు చదవకపోవడం కూడా ఈ అంశంలో స్పష్టంగా కనిపిస్తుంది.

1. అంశాన్ని ప్రశ్నగా మార్చండి

"ఇంటి నుంచి పని" అనేది అంశమే కానీ ప్రశ్న కాదు. అంశాన్ని పట్టుకుని వెతకడం మొదలుపెడితే వేల పత్రాలు వచ్చి పడతాయి, వాటిలో ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చడానికి మీ చేతిలో కొలమానం ఉండదు. కాబట్టి ఎవరి గురించి అడుగుతున్నారు, ఏ మార్పు గురించి అడుగుతున్నారు, దేనితో పోలుస్తున్నారు, ఏ ఫలితం తెలుసుకోవాలనుకుంటున్నారు అనే నాలుగు సంగతులూ ఇమిడేలా ఒక్క వాక్యం రాసుకోండి. "కార్యాలయంలో పనిచేసే వారితో పోలిస్తే ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగుల ఉత్పాదకత పెరుగుతుందా, తగ్గుతుందా?" అన్నది మేనేజ్‌మెంట్ ప్రశ్న. "భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే పనిచేసినప్పుడు ఇంటిచాకిరీ పంపకం ఎలా మారింది?" అన్నది సామాజిక శాస్త్ర ప్రశ్న. "వీడియో సమావేశంలో మాట చేరడానికి పట్టే జాప్యం ఎంత దాటితే సంభాషణ దెబ్బతింటుంది?" అన్నది ఇంజినీరింగ్ ప్రశ్న. "ఫ్యాక్టరీలు రాకముందు ఇంటి దగ్గరే నేత నేసిన కుటుంబాల్లో పనివేళలను ఎవరు నిర్ణయించేవారు?" అన్నది చరిత్ర ప్రశ్న.

ఈ నాలుగింటికీ ఒక తేడా ఉంది. మొదటి మూడు ప్రశ్నలనూ వెతకడానికి ముందే బిగించి పెట్టుకోవచ్చు. క్రమబద్ధ సమీక్ష (ముందే రాసుకున్న నియమాల ప్రకారం వెతికి, వడపోసి, లెక్క చూపే సమీక్ష) చేసేవారైతే అలా బిగించి, ఆ ప్రణాళికను ముందే రాసి పెట్టుకుని తీరాలి, లేకపోతే తమకు నచ్చిన ఫలితాలను ఏరుకున్నారన్న విమర్శకు జవాబు ఉండదు. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం లాంటి మానవీయ శాస్త్రాల్లో ప్రశ్న చదువుతూ ఉండగానే రూపం మార్చుకుంటుంది, మార్చుకోనివ్వాలి. అక్కడ ముందుగా బిగించిన ప్రశ్న చాలాసార్లు మూలాల్లో ఉన్నదాన్ని మీ కంటపడనివ్వదు.

ప్రశ్న కిందనే హద్దులు కూడా రాయండి: ఏ భాషల్లో వచ్చినవి చదవగలరు, ఏ సంవత్సరం నుంచి చూస్తారు, పుస్తకాలు, సదస్సు పత్రాలు, ప్రచురణ కాని వర్కింగ్ పేపర్లు లెక్కలోకి వస్తాయా రావా. సంవత్సరం హద్దు పెట్టేటప్పుడు కారణం కూడా రాయండి. "గత పదేళ్లు" అనడానికి పదేళ్లే ఎందుకు అన్న ప్రశ్నకు సాధారణంగా ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

2. వెతికే మాటలను ముందే కూడగట్టండి

కొత్త పరిశోధకులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. తమకు తెలిసిన ఒక్క మాటతో వెతికి, ఏమీ రాలేదని, ఈ అంశం మీద పరిశోధనే జరగలేదని నిర్ణయానికి వచ్చేస్తారు. మన ఉదాహరణ అంశాన్నే చూడండి. 1973లో అమెరికాలో జాక్ నిలెస్ దీనికి టెలీకమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. చమురు సంక్షోభపు రోజులవి, ఉద్యోగి ప్రయాణించే బదులు పనినే ఉద్యోగి దగ్గరికి పంపితే ఇంధనం మిగులుతుందన్నది అప్పటి ఆలోచన. ఆ తరువాత టెలీవర్క్, రిమోట్ వర్క్, వర్క్ ఫ్రమ్ హోమ్, డిస్ట్రిబ్యూటెడ్ వర్క్, హైబ్రిడ్ వర్క్ అంటూ మాటలు పెరిగాయి. ఒక్క వర్క్ ఫ్రమ్ హోమ్ అనే మాటతో వెతికితే 2020 తరువాతి పత్రాల వరద వస్తుంది, దానికి ముందున్న చాలా పని మరుగున పడిపోతుంది. చరిత్రకారుల సంగతి మరీ దూరం. వారు ఇంటి దగ్గర పని గురించి రాసినదంతా కుటీర పరిశ్రమ, పుటింగ్ అవుట్ పద్ధతి (వ్యాపారి ముడిసరుకు ఇచ్చి ఇళ్ళ దగ్గర పని చేయించుకోవడం), 1972లో ఫ్రాంక్లిన్ మెండెల్స్ వాడుకలోకి తెచ్చిన ప్రోటో ఇండస్ట్రియలైజేషన్ (ఫ్యాక్టరీలకు ముందటి గ్రామీణ ఇంటి పరిశ్రమ) అనే మాటల కింద ఉంటుంది. మేనేజ్‌మెంట్ మాటలతో వెతికేవారికి అది ఎన్నటికీ తగలదు.

అందుకని ఒక కాగితం మీద నిలువుగా మూడు గడులు గీసి, మీ ప్రశ్నలోని ఒక్కో భావానికి ఒక్కో గడి కేటాయించండి. మొదటి గడిలో పని తీరుకు ఉన్న మాటలన్నీ, రెండో గడిలో ఫలితానికి ఉన్న మాటలన్నీ (ఉత్పాదకత, పనితీరు, అవుట్‌పుట్, ఎఫిషియెన్సీ), మూడో గడిలో మనుషులకు ఉన్న మాటలన్నీ రాయండి. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న మంచి పత్రాలు రెండు మూడు ఎలాగో ఒకలా సంపాదించి, వాటి శీర్షికలోనూ సారాంశంలోనూ రచయితలు ఇచ్చిన కీవర్డ్‌లలోనూ ఉన్న మాటలను ఈ గడుల్లో చేర్చండి. డేటాబేస్‌లకు సొంత పదకోశం ఉంటే దాన్ని కూడా తెరిచి చూడండి.

తరువాత ఒకే గడిలోని మాటలను ఆర్ (OR) అనే సంకేతంతోనూ, గడికీ గడికీ మధ్య ఆండ్ (AND) అనే సంకేతంతోనూ కలపండి. రెండు మూడు పదాల పదబంధాలను ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టండి. చాలా డేటాబేస్‌లలో మాట మొదలు రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మాట రూపాలన్నీ వస్తాయి. గూగుల్ స్కాలర్‌లో ఆ గుర్తు పనిచేయదు. నాట్ (NOT) అనే సంకేతాన్ని వీలైనంత వరకూ వాడకండి, అక్కరలేనివాటితో పాటు కావలసినవాటినీ అది తుడిచేస్తుంది.

ఇలా కట్టిన వాక్యం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మీకు ముందే తెలిసిన ఆ రెండు మూడు మంచి పత్రాలు ఈ వెతుకులాటలో బయటపడుతున్నాయా? పడకపోతే తప్పు మీ మాటల్లోనే ఉంది. ఏ మాట చేర్చితే అవి వస్తాయో చూసి, మళ్ళీ మొదలుపెట్టండి.

3. ఏ రంగాన్ని ఎక్కడ వెతకాలి

గూగుల్ స్కాలర్ 2004 నవంబరులో వచ్చింది. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ వారి పత్రాల, ప్రస్తావనల డేటాబేస్ స్కోపస్ కూడా అదే ఏడాది వచ్చింది. మొదటి చూపుకు గూగుల్ స్కాలర్ అంత ఉపయోగకరమైనది మరొకటి లేదు. అయితే అది ఒక వెతుకులాటకు గరిష్ఠంగా 1000 ఫలితాలే చూపుతుంది, ఏ ప్రాతిపదికన వరస పెడుతోందో పూర్తిగా చెప్పదు, ఈ రోజు వచ్చిన వరస రేపు రాకపోవచ్చు. కాబట్టి అందులో మొదలుపెట్టవచ్చు కానీ అందులోనే ముగించకూడదు.

ఇంజినీరింగ్‌కు ఐఈఈఈ ఎక్స్‌ప్లోర్, కంప్యూటర్ శాస్త్రానికి ఏసీఎం డిజిటల్ లైబ్రరీ ఉన్నాయి. కంప్యూటర్ శాస్త్రంలో ముఖ్యమైన ఫలితాలు తరచుగా జర్నళ్ళలో కంటే ముందు సదస్సుల్లోనే, అదీ గట్టి సమీక్ష దాటుకుని వస్తాయని మరవకండి. సదస్సు పత్రమని తీసిపారేస్తే సగం రంగం పోతుంది. మేనేజ్‌మెంట్‌కు ఎబ్స్కో వారి బిజినెస్ సోర్స్, ప్రోక్వెస్ట్ వారి ఏబీఐ ఇన్‌ఫార్మ్ ప్రధానమైనవి. ఆర్థిక శాస్త్రంలో పత్రం జర్నల్లోకి రావడానికి ఏళ్లు పట్టవచ్చు కనుక అమెరికా ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌బీఈఆర్, 1994లో మొదలైన పత్రాల నిల్వ ఎస్ఎస్ఆర్ఎన్ లాంటి చోట్ల వర్కింగ్ పేపర్లు చూడాలి. సైకాలజీకి సైక్ఇన్ఫో, విద్యారంగానికి ఎరిక్, సాహిత్యానికి ఎంఎల్ఏ అంతర్జాతీయ గ్రంథసూచి, తత్వశాస్త్రానికి ఫిల్‌పేపర్స్ ఉన్నాయి.

మానవీయ శాస్త్రాల వారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. పాత జర్నళ్ళ డిజిటల్ భాండాగారమైన జేస్టోర్‌లో చాలా జర్నళ్ళ తాజా సంచికలు ఉండవు; ప్రచురణకర్తతో ఒప్పందం ప్రకారం చివరి కొన్ని సంవత్సరాలవి బయట ఆగిపోతాయి. అదొక్కటే వెతికినవారి సమీక్ష ఎప్పుడూ నాలుగైదేళ్లు వెనకబడి ఉంటుంది. రెండోది, ఈ రంగాల్లో ప్రధాన వాదన పుస్తక రూపంలో వస్తుంది, పుస్తకాలు డేటాబేస్‌లలో సరిగా చిక్కవు. వరల్డ్‌క్యాట్ లాంటి గ్రంథాలయ సూచీల్లో వెతకండి. పుస్తకం చేతికి రాకముందు జర్నళ్ళలో వచ్చిన దాని పుస్తక సమీక్షలు రెండు మూడు చదవండి. ఆ పుస్తకం ఎవరి వాదనను ఎదిరిస్తోందో, ఎవరికి నచ్చలేదో రెండు పేజీల్లో తెలిసిపోతుంది.

లైబ్రేరియన్‌ను అడగడం కూడా ఒక పద్ధతే. ఏ డేటాబేస్‌కు చందా ఉందో, లేనిదాన్ని మరో గ్రంథాలయం నుంచి ఎలా తెప్పించవచ్చో వారికి తెలిసినంతగా గైడ్‌కు కూడా తెలియదు.

4. ఒక పత్రం నుంచి వెనక్కీ ముందుకీ నడవండి

మాటలతో వెతికితే దొరకనివి పత్రాల బంధుత్వంతో దొరుకుతాయి. వెనక్కి నడవడమంటే మంచి పత్రం చివర ఉన్న ఉపయుక్త గ్రంథాలను చూడడం. ఇది అందరూ చేస్తారు. ముందుకు నడవడమంటే ఆ పత్రాన్ని తరువాత ఎవరెవరు ప్రస్తావించారో చూడడం. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా ప్రచురించే వరకూ దీనికి సరైన సాధనమే లేదు. ఈ రోజు వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్, గూగుల్ స్కాలర్ మూడింటిలోనూ ఒక్క నొక్కుతో ఆ జాబితా వస్తుంది.

ముందుకు నడిచినప్పుడు ప్రస్తావనల సంఖ్య చూసి ఆగిపోకండి. ఎక్కువ మంది ప్రస్తావించిన పత్రం గొప్పదే కానక్కరలేదు; దాన్ని ఖండించడానికి ప్రస్తావించినవారూ ఆ లెక్కలో ఉంటారు. ప్రస్తావించిన పత్రాల్లోనే మళ్ళీ మీ ప్రశ్న మాటలతో వెతికి, ఆ పత్రం డేటాను తిరిగి పరీక్షించినవారు, పద్ధతిని తప్పుపట్టినవారు, మరో చోట అదే ప్రయోగం చేసినవారు ఎవరో చూడండి. కొత్త పత్రం తెరిచిన ప్రతిసారీ అందులోని ప్రస్తావనలన్నీ మీరు ముందే చూసినవే అయినప్పుడు ఈ మెట్టు పూర్తయినట్టు.

5. వడపోత, లెక్క

వచ్చిన ఫలితాలన్నీ జోటెరో (ప్రస్తావనలను భద్రపరిచే సాఫ్ట్‌వేర్) లాంటి ఒక చోటికి చేర్చి, రెండుసార్లు వచ్చినవాటిని తీసేయండి. తరువాత శీర్షిక చూసి కొన్ని, సారాంశం చదివి కొన్ని, పూర్తి పత్రం చూసి కొన్ని వదిలేయండి. పూర్తి పత్రం దాకా వచ్చి వదిలేసిన ప్రతిదానికీ కారణం ఒక్క ముక్కలో రాసి పెట్టండి. ఏ డేటాబేస్, ఏ తేదీ, ఏ వెతుకు వాక్యం, ఎన్ని ఫలితాలు అన్న వివరాలకు ఒక స్ప్రెడ్‌షీట్ ఉంచండి. క్రమబద్ధ సమీక్షలకు 2009లో వచ్చి 2020లో కొత్త రూపం పొందిన ప్రిస్మా మార్గదర్శకాలు అడిగేది ప్రధానంగా ఈ లెక్కనే. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లోకి ఈ పద్ధతిని 2004లో బార్బరా కిచెన్‌హామ్ తెచ్చింది. మీది క్రమబద్ధ సమీక్ష కాకపోయినా ఈ లెక్క ఉంచుకోండి, మౌఖిక పరీక్షలో "ఫలానా పత్రం ఎందుకు లేదు?" అని అడిగితే అదే మీకు అండ.

డబ్బు తీసుకుని పరిశీలన లేకుండానే అచ్చువేసే జర్నళ్ళను ఈ దశలోనే పక్కన పెట్టండి. కొద్ది రోజుల్లో అంగీకారం ఖాయమని చెప్పడం, సంపాదక వర్గంలోని వారికి తమ పేరు అక్కడ ఉన్న సంగతే తెలియకపోవడం, ఒకే సంచికలో ఖగోళ శాస్త్రం నుంచి హోటల్ నిర్వహణ దాకా అన్నీ ఉండడం వాటి గుర్తులు. ఉచితంగా చదవగలిగే జర్నల్ అయితే 2003 నుంచి నడుస్తున్న ఉచిత జర్నళ్ళ సూచీ డీవోఏజే జాబితాలో ఉందేమో చూడండి.

6. ఒక పత్రాన్ని ఎలా చదవాలి

ఇక అసలు పని. సారాంశం, ముగింపు చదివి పత్రం చదివామనుకోవడం పరిశోధకుల్లో పాతుకుపోయిన అలవాటు. దానివల్ల వచ్చే నష్టాన్ని ఒక నిజమైన పత్రంతో చూపిస్తాను.

ఇంటి నుంచి పని చేస్తే పనితీరు 13 శాతం పెరుగుతుందన్న మాట మీరు ఈ అంశం మీద తెరిచిన ప్రతి రెండో పత్రంలో కనిపిస్తుంది. దాని మూలం నికొలస్ బ్లూమ్, మరి ముగ్గురు కలిసి 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రచురించిన ప్రయోగం. పద్ధతి భాగం తెరవండి. ప్రయోగం జరిగింది చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ కాల్ సెంటర్‌లో. ఇంటి నుంచి పనిచేయడానికి తమంతట తాము ముందుకొచ్చిన ఉద్యోగులను మాత్రమే తీసుకున్నారు. వారిలోనూ కనీసం ఆరు నెలల అనుభవం, ఇంట్లో విడిగా గది, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారినే అర్హులుగా ఎంచారు. సరి సంఖ్య తేదీన పుట్టినవారు ఇంటికి, బేసి తేదీన పుట్టినవారు కార్యాలయానికి అని విభజించారు. ఇంటికి వెళ్ళినవారు కూడా వారంలో ఐదు పనిదినాల్లో నాలుగు రోజులే ఇంట్లో ఉన్నారు. ఇది తొమ్మిది నెలలు సాగింది.

ఇప్పుడు 13 శాతం లోపలికి వెళ్ళండి. అందులో దాదాపు 9 శాతం, విరామాలూ సెలవులూ తగ్గి షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చింది. నిమిషానికి ఎక్కువ కాల్స్ మాట్లాడడం వల్ల వచ్చింది 4 శాతం. అంటే పెరిగినదాంట్లో ఎక్కువ భాగం పనిచేసిన సమయం, వేగం కాదు. గంటకు జరిగే పనిని ఉత్పాదకత అనుకునేవారు ఈ 13ను యథాతథంగా ఎత్తి రాయకూడదు. ఉద్యోగం మానేసేవారి సంఖ్య సగానికి తగ్గింది. అదే సమయంలో, ఒకే స్థాయి పనితీరు ఉన్నవారితో పోలిస్తే ఇంటి నుంచి పనిచేసినవారికి పదోన్నతులు తగ్గాయి. ఈ చివరి సంగతి రాసేవారు తక్కువ. ప్రయోగం అయిపోయాక ఎక్కడ పనిచేయాలో ఎంచుకునే వీలు ఇస్తే సగానికి పైగా చోటు మార్చుకున్నారు, దాంతో లాభం 22 శాతానికి పెరిగింది. ఎవరు ఇంటికి సరిపోతారో వారే ఎంచుకోవడం వల్ల వచ్చిన లాభం అది.

పద్ధతి భాగంలో పావుగంట గడిపితే ఇదంతా తెలుస్తుంది. ప్రతి పత్రం దగ్గరా ఇవే ప్రశ్నలు వేయండి: ఎవరిని చూశారు, వారు ఎలా ఎంపికయ్యారు, ఏది కొలిచారు, కొలిచినదాన్ని ఏ పేరుతో పిలిచారు, దేనితో పోల్చారు.

ఈ ప్రశ్నలు ఇతర రంగాలకు కొంచెం రూపం మారతాయి. ఇంజినీరింగ్ పత్రంలో ఏ పరికరం మీద, ఏ ప్రామాణిక పరీక్షతో, ఎంత భారం పెట్టి కొలిచారో, పాత పద్ధతిని కూడా అదే శ్రద్ధతో సర్దుబాటు చేసి పోల్చారో లేదో చూడాలి. సొంత పద్ధతికి నెలలు, పోటీ పద్ధతికి ఒక పూట కేటాయించిన పోలికలు ఆ రంగంలో మామూలే. ఇంటర్వ్యూల మీద ఆధారపడిన సామాజిక పరిశోధనలో ఎంతమందితో మాట్లాడారన్నదాని కంటే ఎవరు దొరకలేదన్నది ముఖ్యం. చరిత్ర పుస్తకంలో అధస్సూచికలే పద్ధతి భాగం: వాదనకు కీలకమైన చోట ప్రత్యక్ష మూలాలు ఉన్నాయా, లేక మరో చరిత్రకారుడి మాట మీదే బండి నడుస్తోందా అన్నది అక్కడే తేలుతుంది. పాతదైనంత మాత్రాన మానవీయ శాస్త్రాల్లో పుస్తకం కొట్టివేతకు గురికాదు. ఇంజినీరింగ్‌లో ఐదేళ్ల నాటి కొలతకు చారిత్రక విలువే మిగలవచ్చు.

7. మూలం చూడనిదే ప్రస్తావించకండి

ఒకరు ఉల్లేఖించినదాన్ని చూసి మరొకరు, వారిని చూసి ఇంకొకరు రాసుకుంటూ పోవడం వల్ల లేని పత్రాలకు కూడా ప్రాణం వస్తుంది. ప్రస్తావన ఎలా రాయాలో నేర్పడానికి ఎల్సెవియర్ తన మార్గదర్శకాల్లో వాన్ డెర్ గీర్ తదితరులు 2000లో రాసినట్టుగా ఒక నమూనా ప్రస్తావన పెట్టింది. అలాంటి పత్రం ఎన్నడూ లేదు. అయినా ఆ నమూనా పంక్తి వందల పత్రాల్లో నిజమైన ప్రస్తావనగా అచ్చయిందని మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు యాన్‌విల్ హార్జింగ్ 2017లో బయటపెట్టింది. ఇప్పుడు ఏఐ చాట్ సాధనాలను అడిగి ప్రస్తావనలు తెచ్చుకునేవారికి ఈ ప్రమాదం ఇంకా పెద్దది. నిజమైన రచయిత పేరు, నిజమైన జర్నల్ పేరు కలిపి లేని పత్రాన్ని అవి నమ్మశక్యంగా అల్లగలవు. ప్రతి ప్రస్తావననూ దాని డీవోఐ (ప్రతి పత్రానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు) సంఖ్యతో తెరిచి చూడండి, డీవోఐ లేని పుస్తకమైతే గ్రంథాలయ సూచీలో చూడండి.

పత్రం నిజంగా ఉన్నా లెక్క తప్పు కావచ్చు. దేశాల అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో రాసినది అనేక దేశాల పొదుపు విధానాల చర్చల్లో నలిగింది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆమ్హర్స్ట్ శాఖలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి కోర్సు పనిలో భాగంగా ఆ లెక్కను మళ్ళీ కట్టబోతే అది కుదరలేదు. రచయితలు పంపిన స్ప్రెడ్‌షీట్ తెరిచి చూస్తే సగటు కట్టిన వరసల్లోకి ఐదు దేశాలు అసలు రాలేదు. కొన్ని సంవత్సరాల డేటాను వదిలేయడం, దేశాలకు బరువు ఇచ్చిన తీరు కూడా ఫలితాన్ని మార్చాయి. హెర్న్‌డన్ తన ఇద్దరు అధ్యాపకులతో కలిసి చేసిన లెక్కలో ఆ దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతం. మీరు ఆధారపడే ప్రధాన పత్రాల డేటా అందుబాటులో ఉంటే కనీసం ఒక్క పట్టికనైనా మీ చేత్తో తిరిగి కట్టి చూడండి.

8. పత్రాల వారీగా కాదు, వాదనల వారీగా పట్టిక గీయండి

చదివిన పత్రాలను అడ్డ వరసల్లో, మీ ప్రశ్నకు సంబంధించిన సంగతులను నిలువు వరసల్లో పెట్టి ఒక పట్టిక తయారుచేయండి. సమాచార వ్యవస్థల పరిశోధకులు జేన్ వెబ్‌స్టర్, రిచర్డ్ వాట్సన్ 2002లో సూచించిన భావ పట్టిక ఇదే. మన ఉదాహరణలో నిలువు వరసలు ఇవి: పని స్వభావం, స్వచ్ఛందమా నిర్బంధమా, వారానికి ఎన్ని రోజులు, ఏది కొలిచారు, ఫలితం.

ఇందులో మూడు పత్రాలు నింపి చూడండి. మొదటిది పైన చెప్పిన 2015 ప్రయోగం: ఒంటరిగా చేసే కాల్స్ పని, స్వచ్ఛందం, నాలుగు రోజులు, పనితీరు పెరిగింది. రెండోది 2023లో గిబ్స్, మెంగెల్, సీమ్‌రాత్ ఒక పెద్ద ఐటీ సేవల సంస్థలో పది వేల మందికి పైగా ఉద్యోగుల మీద చేసినది: నలుగురూ కలిసి చేసే వృత్తి నైపుణ్యపు పని, మహమ్మారి కారణంగా నిర్బంధం, పూర్తి వారం, పనిగంటలు పెరిగాయి, ఉత్పాదకత 8 నుంచి 19 శాతం తగ్గింది, సమావేశాల సమయం పెరిగి అంతరాయం లేని పనివేళలు కుంచించుకుపోయాయి. మూడోది 2024లో బ్లూమ్, హాన్, లియాంగ్ నేచర్‌లో ప్రచురించిన 1,612 మంది ఉద్యోగుల ప్రయోగం: వారానికి రెండు రోజులే ఇల్లు, పనితీరు అంచనాల్లో తేడా లేదు, ఉద్యోగం మానేసేవారు మూడో వంతు తగ్గారు.

జాబితా పద్ధతిలో రాసేవారు ఇక్కడ "బ్లూమ్ తదితరులు (2015) ఉత్పాదకత పెరిగిందన్నారు. గిబ్స్ తదితరులు (2023) తగ్గిందన్నారు. ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు" అని ముగిస్తారు. పట్టిక ముందు పెట్టుకున్నవారు ఇలా రాయగలరు: "ఉత్పాదకత మీద ఫలితాలు పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. అయితే పెరుగుదల కనిపించిన అధ్యయనంలో పని ఒంటరిగా చేసేది, ఎంపిక ఉద్యోగిది. తగ్గుదల కనిపించిన అధ్యయనంలో పని పరస్పరాధారితం, మార్పు నిర్బంధం. ఈ రెండు కారణాలూ ఒకే అధ్యయనంలో విడివిడిగా పరీక్షకు రాకపోతే తేడాకు ఏది కారణమో చెప్పలేము." ఆ చివరి వాక్యంలోనే మీ పరిశోధనా ప్రశ్న ఉంది. పరిశోధనలో లోటు అనేది ఎవరూ చూడని ఊరో, ఎవరూ అడగని పరిశ్రమో కానక్కరలేదు. "ఫలానా జిల్లాలో ఈ అధ్యయనం జరగలేదు" అనే తరహా లోటుకు, అక్కడ ఫలితం వేరుగా ఎందుకు ఉండాలో చెప్పలేకపోతే విలువ లేదు.

రాసేటప్పుడు ప్రతి పేరా మొదటి వాక్యంలో రచయిత పేరు కాకుండా మీ వాదన ఉండాలి. అధ్యాయం పూర్తయ్యాక పేరాల మొదటి వాక్యాలను మాత్రమే వరసగా చదవండి. అవి కలిసి ఒక వాదనగా నడవకపోతే పేరాల క్రమం మార్చండి. వేరే రంగం పత్రాన్ని తెచ్చుకున్నప్పుడు దాన్ని ఆ రంగం కొలమానంతోనే తూచండి. నేత కుటుంబాల మీద వచ్చిన చరిత్ర గ్రంథంలో నమూనా పరిమాణం తక్కువని తప్పుపట్టడమూ, కాల్ సెంటర్ ప్రయోగంలో ఉద్యోగి అంతరంగం కనిపించలేదని తప్పుపట్టడమూ రెండూ చదవడం రానివారి పనులే.

9. సమర్పించే ముందు

మీరు ప్రస్తావించిన పత్రాల్లో ఏదైనా తరువాత ఉపసంహరణకు గురైందేమో చూడండి. ఉపసంహరణలను గమనించే రిట్రాక్షన్ వాచ్ అనే వెబ్‌సైట్ 2010లో మొదలైంది; అది కూర్చిన డేటాబేస్ 2023 నుంచి డీవోఐలను నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ ద్వారా అందరికీ అందుబాటులో ఉంది. జోటెరో వాడేవారికి ఉపసంహరించిన పత్రం పక్కన హెచ్చరిక తనంతట తానే కనిపిస్తుంది. వర్కింగ్ పేపర్‌గా చదివినవి ఈలోగా జర్నల్లో వచ్చి ఉంటే ప్రచురిత రూపం తెరిచి, మీరు ఎత్తి రాసిన అంకెలు అందులోనూ అలాగే ఉన్నాయో లేదో సరిచూడండి, ప్రస్తావన కూడా మార్చండి.

తరువాత మీ స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న వెతుకు వాక్యాలనే తీసుకుని, మొదటిసారి వెతికిన తేదీ తరువాత వచ్చినవాటికి మాత్రమే పరిమితం చేసి మళ్ళీ నడపండి. కొత్తగా వచ్చినవాటిని పట్టికలో చేర్చి, అవి మీ వాదనను కదిలిస్తే ఆ పేరాను తిరిగి రాయండి. కదిలించకపోతే పద్ధతి భాగంలో వెతికిన డేటాబేస్‌ల పేర్ల పక్కన చివరిసారి వెతికిన తేదీ వేసి పంపండి.